ఆగాక ఎంతసేపు పాడింది?

బంగారుపాళ్యం
9 మార్చి 2025

నాయనా,

ఈ కాగితంతో పాటు ఒక గోనెసంచి మూట కూడా తిరుపతి మీదుగా బస్సు పార్సిల్లో పంపుతున్నాను. మూట విప్పే ముందు కాగితం చదువు. ముందే విప్పితే తిట్లు మొదలుపెడతావు, ఆ తర్వాత నేను రాసింది నీ బుర్రకెక్కదు.

ఈ కాలంలో ఇంకా కాగితాలేమిటని నీ అల్లుడు నవ్వుతున్నాడు. ఫోనులో నువ్వు ‘సరే’ అనే రెండక్షరాలు తప్ప ఇంకేమీ పంపవని ఆయనకేం తెలుసు. నీకు చెవులు పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పాకాల షెడ్డులో ఇంజను పక్కన నిలబడి, అది చేసే శబ్దాన్ని పలక మీద రాసి నీకు చూపించేదాన్ని. నువ్వు పలక చూసి జబ్బు చెప్పేవాడివి. నేను మెకానిక్కునయింది ఆ పలక వల్లే కదా. ఇప్పుడు పలక బదులు కాగితం, అంతే తేడా.

సంగతికొస్తాను. మామిడి కాలంలో మొగిలి కొండ పక్క తోటల్లోకి కూలీలను ఎక్కించుకుపోయి, కాయ దింపుకురావడం నీ అల్లుడి పని. ఆయన జీపు వయసు ఇరవై ఏడు. టర్బో లేని ఇంజను, ఎత్తులో బలం చాలదు. కొండదారిలో మూడో మలుపు దగ్గర ‘గుడగుడగుడ’ అనడం మానేసి ‘గుడ్... గుడ్...’ అంటుంది. అప్పుడు ఆడవాళ్లందరూ దిగి వెనక నుంచి తోస్తారు. పోయినేడు కోమలి అనే అమ్మాయి కడుపుతో ఉండి తోస్తుంటే జీపు మూడడుగులు వెనక్కి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనకు ఆ మలుపంటే వణుకు.

మూటలో ఉన్నది టర్బో. చిత్తూరులో పాత ఇనుము కొట్లో దొరికింది. కొత్త రకం, లోపల రెక్కలు కదిలేది. మసి పట్టి రెక్కలు బిగుసుకుపోయాయి. చేత్తో తాకి టర్బో లోపం చెప్పేవాడివి నువ్వొక్కడివే. బాగు చేసి పంపు, బిగించడం నా వంతు. వద్దని మాత్రం రాయకు.

సుజన

*

గూడూరు
21 మార్చి

సుజనా,

మూటే ముందు విప్పాను. తిట్టవలసినవన్నీ తిట్టేసి కాగితం చదివాను. మీ మేనత్త మునిరత్నమ్మ ఆ తిట్లన్నీ విని, ఈ మనిషికి చెవులతో పాటు నోరు కూడా పోయుంటే బాగుండేదని వేలితో సైగ చేసి చూపించింది.

నాకు ఈ పని ఇష్టం లేదు. ఇరవై ఏడేళ్ల ఇంజను తన ఊపిరి తాను పీల్చుకుని బతకడానికి అలవాటు పడింది. దాని నోట్లోకి గాలిని బలవంతంగా కుక్కుతావా? కానీ కడుపుతో ఉన్న పిల్ల బండిని తోసిందని రాశావు. అక్కడ నా నోరు కట్టేశావు.

టర్బోను మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను. రెక్కలు ఇప్పుడు వేలు తగిలితే కదులుతున్నాయి. అల్లుడు దేవేంద్రకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా చెప్పు. తోటలో నీళ్ల పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్ముతాయి. ఈ రెక్కలు చేసేదీ అదే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరికి ముడుచుకుని పొగ దారిని ఇరుకు చేస్తాయి. పొగ విసురుగా చక్రాన్ని కొడుతుంది, చక్రం ఇంజనులోకి గాలిని తోస్తుంది. ఇంజను వేగం అందుకున్నాక రెక్కలు విచ్చుకుంటాయి. అందుకే మలుపులో మొదటి నుంచే బలం ఉంటుంది.

రెక్కల స్క్రూ నేను పెట్టిన చోటు నుంచి పావు చుట్టు కూడా తిప్పకు. డీజిలు పంపు జోలికి పోకు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. బిగించాక, స్టార్టు చేయక ముందు టర్బోకు నూనె తాగించాలి. పై పైపు విప్పి చేత్తో నూనె పొయ్యి. వేలితో చక్రం తిప్పు. మళ్లీ పొయ్యి. తర్వాత డీజిలు ఆపే వైరు లాగి పట్టుకుని, ఇంజను అంటుకోకుండా సెల్ఫ్ కొట్టు. కింది పైపు నుంచి నూనె కారడం నీ కళ్లతో చూశాకే స్టార్టు చెయ్యి. అరగంట పని. ఎందుకని అడగొద్దు. ఎవరు తొందరపెట్టినా ఆ అరగంటను ఎవరికీ ఇవ్వకు.

నాయన

*

బంగారుపాళ్యం
12 ఏప్రిల్

నాయనా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. జీపు కొండెక్కింది!

నిన్న శుక్రవారం మంచి ముహూర్తమని అత్త జ్ఞానాంబ వారం ముందే పెట్టించింది. పది పావు నుంచి పదిన్నర లోపల అంటించాలి, పదిన్నర దాటితే రాహుకాలం. పొద్దున్నే పాత బోల్టు ఒకటి విరిగి మొరాయించింది. దాన్ని తీసి ఆఖరి బోల్టు బిగించేసరికి పది ఇరవై. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు, మీ గూడూరు కాయలేనని కొట్టువాడు ఒట్టేశాడు. అత్త చేతిలో గుమ్మడికాయ మీద కర్పూరం వెలుగుతోంది.

“పాపా, ఇంకా యేం తుడస్తా ఉండావు? రాహుకాలం వచ్చేస్తా ఉండాది. ఆ యేళలో అంటిస్తే బండి ఇంటికి అచ్చిరాదు. బిన్నా కానీ!”

సెల్ఫ్ కొట్టగానే ఒక్క పెట్టున అంటుకుంది. గడియారం చూశాను, పది ఇరవై ఆరు. రాహుకాలాన్ని నాలుగు నిమిషాల తేడాతో ఓడించానని అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు చెప్పినట్టే నూనె కూడా పోశాను.

శబ్దం రాస్తాను విను. మామూలు ‘గుడగుడగుడ’ మీద సన్నగా ‘హూ...య్’ అనే ఈల. కాలు నొక్కితే ఈల పైకి లేస్తుంది. ఈ పొద్దు నీ అల్లుడు తొమ్మిది మంది ఆడవాళ్లను ఎక్కించుకుని మూడో మలుపు రెండో గేరులో ఎక్కించాడు. ఒక్కరూ దిగలేదు. కోమలి చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “యక్కా, ఇది జీపా, యిమానమా?” అంటే అందరూ ఒకటే నవ్వు. ఆయన కిందికి వచ్చాక స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఏడ్చాడని నేననను, నువ్వూ అనకు.

సుజన

*

గూడూరు
20 ఏప్రిల్

సుజనా,

సంతోషం. ఆ ఆడవాళ్లు దిగకుండా కొండెక్కారని చదివి రెండుసార్లు మళ్లీ చదివాను.

మూడోసారి చదివినప్పుడు గడియారం చూశాను. ఆఖరి బోల్టు పది ఇరవైకి బిగిసింది. ఇంజను పది ఇరవై ఆరుకు అంటుకుంది. మధ్యలో ఉన్నవి ఆరు నిమిషాలు. నేను చెప్పింది అరగంట పని. పైపు ఎప్పుడు విప్పావు? కింది నుంచి నూనె కారడం ఎప్పుడు చూశావు?

జవాబు రాయడానికి ముందు ఒక పని చెయ్యి. బండి తిరిగొచ్చాక, ఇంజను వేడి మీద ఉండగా తాళం తిప్పి ఆపు. ఇంజను ఆగిపోయినా టర్బో చక్రం ఇంకా తిరుగుతూ, సన్నగా పాడుతూ, నెమ్మదిగా ఆగాలి. చెవి దగ్గర పెట్టి లెక్కపెట్టు. పన్నెండు దాకా పాడితే నేనిక నోరెత్తను. మూడు నాలుగు అంకెలకే ఎవరో పట్టుకున్నట్టు టక్కున ఆగితే, బండి అక్కడే ఉంచి నాకు రాయి.

నాయన

*

బంగారుపాళ్యం
11 మే

నాయనా,

పన్నెండు. సరిగ్గా పన్నెండు. ఇప్పుడు నోరెత్తనని మాటిచ్చావు, గుర్తుంచుకో.

నూనె పొద్దున్నే బల్ల మీద ఉన్నప్పుడే పోశాను, అందుకే ఆరు నిమిషాల్లో అయింది. నువ్వు పోలీసువాళ్లలాగా గడియారాలు పట్టుకుని కూర్చుంటావని తెలిస్తే నిమిషాలు రాసేదాన్నే కాదు. ఇక్కడ ఎండలు మండుతున్నాయి. తోటల్లో కాయ బాగా దిగింది. మా జీపు సంగతి తెలిసి మొగిలి పక్క ఇంకో రెండు తోటల వాళ్లు వచ్చి అడిగి వెళ్లారు. నీ అల్లుడు ఇప్పుడు కొండ వైపు చూసి మీసం దువ్వుతున్నాడు.

ఊరికే అడుగుతున్నాను. కొత్తగా బిగించిన టర్బోకు నెలకు లీటరు నూనె తగ్గడం మామూలేనా? పొద్దున అంటించినప్పుడు కాస్త నీలం పొగ కూడా వస్తోంది. కాసేపటికి పోతుంది. ఎండకేమో.

అత్త నిన్ను అడిగింది.

సుజన

*

గూడూరు
18 మే

సుజనా,

నెలకు లీటరు మామూలు కాదు. నీలం పొగ ఎండకు రాదు. ఆ సంగతి నీకు పదేళ్లప్పుడే తెలుసు. నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదని నాకూ తెలుసు.

టర్బో విప్పి పంపు. విప్పేదాకా ఈ పార్సిల్లో ఉన్నది బండిలో పెట్టు. వేపచెక్క, నేనే కోసి నునుపు చేశాను. గుండ్రంగా జానెడున్నర వెడల్పు, పట్టుకోవడానికి పిడి. డ్రైవరు సీటు కింద, చెయ్యి చాచితే అందే చోట ఉండాలి. ఇంజనుకు నూనె కూడా డీజిలు లాంటిదే. టర్బో లోపలి నుంచి నూనె ఇంజనులోకి కారడం మొదలైతే, ఇంజను దాన్నే కాల్చుకుంటూ తనంతట తాను వేగం పెంచుకుంటుంది. తాళం తీసేసినా ఆగదు. గాలి అందకుండా చేస్తేనే చస్తుంది. గాలి పైపు లాగేసి ఈ చెక్కతో టర్బో నోరు మూయాలి. గుడ్డ పెట్టకూడదు. చెయ్యి అసలే పెట్టకూడదు.

అల్లుడికి చెప్పు. చెప్పానని నాకు రాయి.

నాయన

*

బంగారుపాళ్యం
15 జూన్

నాయనా,

ఆలస్యమైంది, కోప్పడకు. తోతాపురి కోత మొదలైంది. పల్పు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. ఒక్క రోజు దాటితే కాయ మెత్తబడి చేతికి రాదు. ఈ పది రోజుల్లో బండి విప్పితే నమ్ముకున్న తోటల వాళ్ల గతేం కాను? నెలాఖరుకు విప్పి పంపుతాను, ఒట్టు.

నీ చెక్క అత్తకు తెగ నచ్చింది. నీళ్ల కుండకు మూత పగిలి నెల రోజులయింది. నీ చెక్క తీసి పెట్టి, “సూడు పాపా, మీ నాయన కొలత తీసుకుని సేసినట్టే ఉండాది!” అంది. నేను సీటు కింద పెడదామనుకున్నాను. పెడితే ఆయన ఎందుకని అడుగుతాడు. చెబితే మళ్లీ ఆ పాత వణుకు పట్టుకుంటుంది. మూడో మలుపులో వణికే డ్రైవరుకంటే ధైర్యంగా ఉన్న డ్రైవరు నయం కదా. కుండ మీదే ఉండనీ.

శబ్దమేమీ మారలేదు. నువ్వు దిగులు పెట్టుకోకు.

సుజన

మామకు నమస్కారం. నేను దేవేంద్రను. సుజన ఈ కవరు పార్సిల్ ఆఫీసులో ఇచ్చి రమ్మంది, అంటించే ముందు ఈ నాలుగు ముక్కలు కింద రాస్తున్నాను. మలుపులో యాక్సిలేటరు మీద నుంచి కాలు తీసినా ఇంజను వెంటనే తగ్గడం లేదు. రెండు మూడు క్షణాలు తనిష్టం వచ్చినట్టు పోయి, ఆ తర్వాత తగ్గుతోంది. సుజనను అడిగితే కొత్త టర్బో బలం అలాగే ఉంటుందంటోంది. అది చెప్పేటప్పుడు నా ముఖం చూడటం లేదు. ఏం చెయ్యమంటారో మీరు రాయండి.

*

గూడూరు
19 జూన్

సుజనా,

నిన్న మీ మేనత్త చేత ఫోను చేయించాను. “బండి తియ్యద్దని మీ నాయన సెప్పమంటా ఉండాడు” అంటే, “సరేలే అత్తా, నాయనకు చాదస్తం” అని నవ్వావట. ఇంకోసారి చేయిస్తే జ్ఞానాంబమ్మ ఎత్తింది, నువ్వు షెడ్డులో ఉన్నావంది. వట్టిగా వద్దంటే నువ్వు వినవు. ఎందుకో చెప్పాలి. అది ఇంకొకరి నోటితో చెప్పించలేను. అందుకే ఈ కాగితం.

చిన్నబ్బ నీకు గుర్తుండాలి. నీకు ఎనిమిదేళ్లప్పుడు పాకాల షెడ్డుకు లారీ తెచ్చేవాడు, నీకు వేరుశనగ ముద్దలు ఇచ్చేవాడు. పాత ఇంజను పగిలి చిన్నబ్బ పోయాడని, ఆ శబ్దానికే నా చెవులు పోయాయని, ఎవరి తప్పూ లేదని అందరికీ చెప్పాను. నీకూ అదే చెప్పాను.

తప్పు ఉంది. ఆయుధపూజ రోజు ఆ లారీకి టర్బో మార్చాను. చిన్నబ్బ ఇంటివాళ్లంతా వచ్చి నిలబడ్డారు, హారతి వెలిగించారు, పూజారికి ఇంకో షెడ్డుకు వేళయింది. నేను నూనె పోయకుండా సెల్ఫ్ కొట్టాను. ఒక్క పెట్టున అంటుకుంది. చప్పట్లు కొట్టారు. నూనె అందక ఆ మొదటి పది క్షణాల్లోనే లోపల గీరుకుపోయిందని నాకు ఆ సాయంత్రమే తెలుసు, ఎందుకంటే లెక్కపెట్టాను. మూడు అంకెలకే ఆగింది. ఎవరికీ చెప్పలేదు. మంచి మెకానిక్కని పేరు కదా.

డెబ్బై రోజులు బాగానే తిరిగింది. తర్వాత కాలు తీసినా వేగం తగ్గడం లేదని చిన్నబ్బ బండిని షెడ్డుకు తెచ్చాడు. చూద్దామని అంటించాను. అంతే, ఇక ఆగలేదు. తాళం తీసి చేత్తో పట్టుకున్నాను, ఇంజను అరుస్తూనే ఉంది. చిన్నబ్బ తువ్వాలు తీసి గాలి పైపులో కుక్కాడు. మింగేసింది. తర్వాత అరచెయ్యి పెట్టాడు. అప్పుడు ఇంజను పగిలింది. ఒక ఇనుప ముక్క అతని రొమ్ములో దిగింది. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. లోకంలో నేను విన్న చివరి శబ్దం అదే.

ఆ తర్వాత నువ్వు పలక పట్టుకుని వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకున్నాను. నా బిడ్డ నన్ను పెద్ద మెకానిక్కు అనుకుంటోంది, అనుకోనీ అని ఊరుకున్నాను. ‘ఎందుకని అడగొద్దు’ అని నీకు రాశానే, ఆ రోజే ఎందుకో రాసి ఉంటే నువ్వు ముహూర్తాన్ని వదిలేసేదానివి. పన్నెండు అనే అంకె కూడా నేనే రాసిచ్చాను. నీ అబద్ధానికి నేనే అచ్చు పోశాను.

నేను శకునాలు చూసే మనిషిని కాను. అయినా లెక్కపెట్టాను. మీ ముహూర్తం నుంచి రేపటికి డెబ్బై రోజులు. బండి తీయనీకు. ఇప్పటికే పోయి ఉంటే కుండ మీది చెక్క తీసుకుని వెళ్లు.

నాయన

*

బంగారుపాళ్యం
13 జూలై

నాయనా,

ఇన్ని రోజులు రాయలేకపోయాను. చేతులకు కట్లు మొన్ననే విప్పారు.

ఇరవయ్యో తేదీ పదకొండున్నరకు నీ కాగితం చేతికొచ్చింది. పార్సిల్ ఆఫీసు ముందు ఎండలో నిలబడి చదివాను. ఫోను చేస్తే కొండ మీద సిగ్నలు లేదు. ఇంటికి పరుగెత్తి కుండ మీది చెక్క లాగాను. “యాడికి మే, ఆ మూత తీసుకుని?” అని అత్త అరుస్తూనే ఉంది. స్కూటరు మీద రెండో మలుపుకు చేరేసరికి పైనుంచి వినబడింది. అది గుడగుడ కాదు, ఈల కాదు. ‘ఈఈఈ’ అని, ఊపిరి తీసుకోకుండా ఒకటే అరుపు. నేను నీకు రాస్తున్న ఆఖరి శబ్దం ఇదే, అందుకే సరిగ్గా రాయాలని చూస్తున్నాను.

మూడో మలుపులో జీపు పైకి ముఖం పెట్టి నిలబడి ఉంది, వెనక నిండా ఖాళీ కాయ బుట్టలు. తెల్లటి పొగ. ఆడవాళ్లంతా దూకి జీపు వెనకే దారిలో ఉన్నారు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ, తప్పుకోవడానికి చోటు లేదు. కోమలి బిడ్డను చంకలో పెట్టుకుని బండకు అతుక్కుపోయింది. నీ అల్లుడు రెండు కాళ్లతో బ్రేకు తొక్కి పట్టుకుని ఉన్నాడు. కాలు తీస్తే జీపు వాళ్ల మీదికి పోతుంది. నన్ను చూసి చెయ్యెత్తి చూపించాడు. చేతిలో తాళం ఉంది నాయనా. నువ్వు రాసినట్టే.

“కిందికి పారిపో సుజనా! ఇది ఆగదు, పారిపో!” అన్నాడు. నేను విన్న చివరి మాట అది.

బానెట్టు ఎత్తి, గాలి పైపు లాగి, రెండు చేతులతో చెక్క మూశాను. లోపలికి పీల్చుకుని అతుక్కుపోయింది. ఇంజను రెండుసార్లు ఎగిరిపడి చచ్చింది. చచ్చే ముందు టర్బో చక్రం పగిలింది. చెక్క అడ్డం ఉండబట్టి ముక్కలు నా మీదికి రాలేదు, వేడికి చేతులు మాత్రం కాలాయి. ఆయన బతికాడు. కోమలి, బిడ్డ, అందరూ బాగున్నారు. జీపు ఒక్క అంగుళం వెనక్కి జారలేదు.

ఆ చక్రం పగిలిన చప్పుడు నుంచి నాకు వినబడటం లేదు. చిత్తూరు డాక్టరు ఎడమ చెవి రాదని కాగితం మీద రాసి చూపించాడు. కుడి చెవి దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాడు.

నీ మీద కోపం వచ్చింది నాయనా. చాలా వచ్చింది. ఆసుపత్రి మంచం మీద నీ కాగితాన్ని చింపేద్దామనుకున్నాను. తర్వాత నా కాగితాలు గుర్తొచ్చాయి. పన్నెండు కాదు. మూడు. ఆ రోజు మూడు దగ్గర ఆగిపోతే, మిగతా తొమ్మిదీ నేనే నోటితో లెక్కపెట్టి నీకు రాశాను. నూనె కూడా పోయలేదు. అత్తను ఏమీ అనకు. ఆమె ముహూర్తం మాత్రమే అడిగింది, వద్దనగలిగింది నేనొక్కదాన్నే. చిన్నబ్బ విషయంలో నిన్ను క్షమించడానికి నేనెవర్ని? కానీ నీ చెక్క పది మందిని బతికించిందని మాత్రం రాయగలను.

నిన్న నీ అల్లుడు సంతలో పలక, బలపం కొనుక్కొచ్చాడు. షెడ్డులో ఒక ట్రాక్టరును అంటించి, చెవి పెట్టి విని, చాలాసేపు ఆలోచించి పలక మీద రాసి చూపించాడు. ఏం రాశాడో తెలుసా? ‘బాగానే ఉండాది.’ నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. బాగుందో లేదో నేను చెబుతాను, నువ్వు శబ్దం మాత్రం రాయమంటే ఆయనకు చేతకావడం లేదు. నువ్వు రా నాయనా, వచ్చి ఆయనకు నేర్పించు. ఏ శబ్దమూ దాచకుండా రాయాలని మాత్రం ముందే నేను చెప్పాను.

సుజన